ఆ బాలిక యేమి చదువుచున్నది?

గడచిన వేసవిలో నొకనాటి సాయంకాలము మా యింట చిన్న చలనచిత్ర ప్రదర్శనము జరిగినది. ప్రదర్శనమనగా పెద్ద యేర్పాటేమియు కాదు. విశాఖపట్టణములో మా వీధియందే నివసించు కళాశాల విద్యార్థులు నలుగురు కలిసి, సెల్ ఫోనుతో తీసి, తమలో నొకని కంప్యూటరుపై కూర్చుకొన్న యిరువది రెండు నిమిషముల చిత్రమది. దానిని మా టెలివిజనులో చూపి, ఇంటివారి యభిప్రాయము తెలిసికొనవలెనని వారు వచ్చిరి. మేము చాపలు పరచుకొని కూర్చుంటిమి.

కథ చదువరులకు తెలిసినదే. ఒక యువకుడు సిటీబస్సు దిగుచున్న బాలికను చూచును. ఆమె జుట్టు గాలికి మెల్లగా, మిక్కిలి మెల్లగా నెగురును. అతడు ఆమె వెంట నడచును. మరునాడును నడచును. మిత్రులు టీ దుకాణము వద్ద హాస్యములాడుచు అతనికి ధైర్యము చెప్పుదురు. ఆమె మొదట కోపించును. పిదప వాన కురియును. వానలో ఆమె నవ్వును. అంతలో తండ్రికి తెలియును. చివరి రంగమున యువకుడు ఒంటరిగా సముద్రము వైపు నడచిపోవుచుండగా చిత్రము ముగియును. మేమందరము చప్పట్లు కొట్టితిమి. ఆ పిల్లల శ్రమ నిజముగా మెచ్చదగినది. సాయంకాలపు వెలుతురులో సముద్రమును వారు చక్కగా పట్టుకొనిరి. కూర్పు చురుకుగా నున్నది. పాట కూడ వినసొంపుగానే యున్నది.

అప్పుడు ఇంటర్మీడియేటు చదువుచున్న మా చెల్లెలి కూతురు, “అన్నయ్యా, ఆ అమ్మాయి ఏం చదువుతోంది?” అని యడిగినది.

దర్శకుడైన యువకుడు ఛాయాగ్రాహకుని వైపు చూచెను. ఛాయాగ్రాహకుడు, “బి.కాం. అనుకుంటాను” అనెను. కథ వ్రాసినవాడు, “కాదురా, ఇంజనీరింగు” అనెను. నాయకునికి గణితములో రెండు పరీక్షలు మిగిలియున్నవని మాకందరకు తెలియును. దానిని గురించి రెండు నిమిషముల హాస్యరంగమే కలదు. నాయిక చేతనున్న పుస్తకము దేనిదో మాత్రము, చిత్రము తీసిన నలుగురిలో నొక్కరికిని తెలియలేదు.

ఆ ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు. విద్యార్థుల ప్రేమకథను చలనచిత్రముగా తీయబూనిన వారు, పూర్వచిత్రములు స్థిరపరచిన సంకేతములను ఎంతవరకు వాడుకొనవచ్చును, ఎక్కడ నాగి యాలోచింపవలెను అను విషయమును ఆ ప్రశ్న వెలుగులో విచారింపదలచితిని.

సంకేతములను వాడుటయే తప్పని కొందరు విమర్శకులు చెప్పుదురు. వాన, బస్సు, గ్రంథాలయము, వీడ్కోలు సభ, దాచిన యుత్తరము, సముద్రతీరము, ఇవి యన్నియు నరిగిపోయిన నాణెములని వారి యాక్షేపణ. నేనట్లు తలంపను. మన యాలంకారికులు ఇట్టివానిని కవిసమయములనిరి. చకోరము వెన్నెల త్రాగుననియు, హంస నీటినుండి పాలను వేరు చేయుననియు, యువతి పాదము తాకినంతనే యశోకము పూచుననియు కవులు వ్రాసిరి. ఇవి నిజములని కవియు నమ్మలేదు, చదువరియు నమ్మలేదు. ఇరువురి నడుమ నది యొక యొడంబడిక. కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఈ యశోకదోహదమును వట్టి యలంకారముగా విడువక, కథలోని ముఖ్యఘట్టమునకే ఆధారము చేసికొనెను. రాజు చాటుననుండి మాళవికను చూచుటకును, ఆమె మాట వినుటకును ఆ చెట్టే యవకాశమిచ్చినది. అరిగిన సమయమైనను సమర్థుని చేతిలో మంచి పనిముట్టగును.

విద్యార్థులకు ఈ పనిముట్టు మరింత యవసరము. వారి వద్ద ధనము లేదు, సమయము లేదు, ఇరువది నిమిషములలో కథ ముగింపవలెను. యువకుడు తలయెత్తి చూచెను, గాలి వీచెను, వేణువు మ్రోగెను అనగానే సంగతి యేమో ప్రేక్షకుడు గ్రహించును. దానిని వివరించుటకు పట్టు నైదు నిమిషములు మిగులును. ఆ మిగిలిన యైదు నిమిషములలో తమకే తెలిసిన మాటను, తమ యూరికే చెందిన సంగతిని చెప్పవచ్చును. సంకేతము వలని లాభమిదే. అయితే మన పిల్లలు చేయుచున్నదేమనగా, మిగిలిన యైదు నిమిషములను మరియొక సంకేతముతో నింపుచున్నారు.

కావున సంకేతమును విడువుమని నేను చెప్పను. ప్రతి సంకేతమును గూర్చియు నొక ప్రశ్న వేసికొనుమందును: దీని ఖర్చు నెవరు భరించుచున్నారు? చకోరసమయము వలన ఏ పక్షికిని నష్టము లేదు. వానవలన ఎవరికిని నష్టము లేదు. రెండు బిందెల నీరు చాలును. కాని కొన్ని సంకేతములకు మనుష్యులే మూల్యము చెల్లింతురు. వానిని వేరు చేసి చూచుట విమర్శకుని పని మాత్రమే కాదు, చిత్రము తీయువాని పని కూడ.

మొదట నుపయోగకరమైన సంకేతమును చూతము. శృంగారము సంభోగమనియు విప్రలంభమనియు రెండు విధములని మన శాస్త్రము. ప్రేమనాటకము రెండవదానిపైననే బ్రతుకును. ఇరువురు చూచుకొని, మెచ్చుకొని, పెండ్లాడినచో కథ లేదు. నడుమ నడ్డంకి కావలెను. శాకుంతలమున దుర్వాసుని శాపము, జారిపోయిన యుంగరము అట్టి యడ్డంకులు. అడ్డంకి యెంత సత్యమైనదో నాటకమంత బలమైనది.

దీనికి మన విశాఖయే గొప్ప యుదాహరణము నిచ్చినది. కె. బాలచందరు 1978వ సంవత్సరమున తీసిన ‘మరో చరిత్ర’ విశాఖపట్టణములోను భీమునిపట్టణములోను నడచిన కథ. రంగుల చిత్రములు పరిపాటియైన కాలమున దీనిని నలుపు తెలుపులలో తీసిరి. కమలహాసను ధరించిన బాలు తమిళుడు. సరిత ధరించిన స్వప్న తెలుగు బాలిక. రెండు కుటుంబములును ఇరుగుపొరుగు. ఒకరి భాష యొకరికి రాదు. ఒకరి వంట వాసన యొకరికి గిట్టదు. పడుచువారి ప్రేమ తెలిసినంతనే పెద్దలు మండిపడుదురు. తుదకొక షరతు పెట్టుదురు: ఒక సంవత్సరము చూచుకొనరాదు, ఉత్తరములు వ్రాసికొనరాదు, అప్పటికిని మనస్సులు మారకున్న వివాహము చేసెదము.

పొరుగింటి ప్రేమ, ఒప్పుకొనని తండ్రులు, ఎడబాటు అనునవి యన్నియు పాత సంకేతములే. కాని యిచ్చట నవి బలము పుంజుకొన్నవి. ఏలయనగా నడ్డంకి యూరిలోనుండియే పుట్టినది. విశాఖ 1933వ సంవత్సరమున నోడరేవైనది. రైళ్లు, నౌకాదళము, కర్మాగారములు దీనిని నలుదిక్కులవారి నగరముగా చేసినవి. తమిళుడు, ఒరియావాడు, వంగదేశీయుడు, తెలుగువాడు ఒకే గోడ కిరుప్రక్కల కాపురముండు నూరిది. అట్టి యూరిలో భాష యొక గోడ యగుట మనము దినమును చూచుచున్నదే. అందువలననే యా చిత్రము తెలుగులోనే మద్రాసు నగరమున సంవత్సరమునకు పైగా నాడినది; తెలుగు రాని ప్రేక్షకులు కూడ దానిలో తమ గోడలను చూచుకొనిరి. 1981లో బాలచందరే దానిని ‘ఏక్ దూజే కే లియే’ అను పేర హిందీలో తీయగా, గోడ మారినది గాని కథ నిలిచినది. ఒక యూరి మాటను నిజముగా చెప్పినచో నది యన్ని యూళ్లకును చేరునని దీనివలన తెలియుచున్నది.

ఇంత మెచ్చిన పిదప దాని దోషమును చెప్పుట ధర్మము. బాలు హైదరాబాదులో నుండగా అతనికి సంధ్య యను యువతి పరిచయమగును. ఆమె వితంతువు. అపోహవలన బాలు స్వప్నను తప్పుగా తలంచి, సంధ్యను వివాహమాడ సిద్ధపడును. సత్యము తెలిసికొన్న సంధ్య తానే తొలగిపోవును. వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినది 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీ. దానికి తొంబదియేడేండ్ల పిమ్మట వచ్చిన చిత్రము, వితంతువును పెండ్లి పీటల దాపునకు తెచ్చి, త్యాగమను పేర వెనుకకు పంపినది. నాయికానాయకులు కలియుటకు మూడవ వ్యక్తి తొలగవలెనన్నది సంకేతము. ఆ తొలగవలసినది వితంతువే యైనప్పుడు ప్రేక్షకునికి నొప్పి తగ్గును. ఆమె త్యాగమునకు లోకము ముందే యలవాటు పడియున్నది గదా! సంకేతము మన మనస్సులోని పాత దురాచారమును అప్పు తెచ్చుకొని వాడుకొనుట యనగా నిదే.

ఇక ముగింపు. షరతు గడువు తీరినది, ఇరువురును గెలిచిరి. అప్పుడు స్వప్న యొక దుర్మార్గుని బలాత్కారమునకు గురియగును, బాలు దుండగుల చేత దెబ్బలు తినును, ఇరువురును మరణింతురు. విషాదాంతము గొప్పదనము వంగదేశపు దేవదాసు నాటినుండియు మనకు పరిచితమే; శరత్చంద్రుని యా నవల 1953లో తెలుగు తెర కెక్కి మనవారిచేత కంటతడి పెట్టించినది. కాని మరణముతో ముగించినచో నొక సౌకర్యము కలదు. పెద్దలు మారవలసిన పని లేదు. పడుచువారు కాపురము చేసి చూపవలసిన పని లేదు. ఇరుభాషల వంటయిల్లు ఎట్లు నడచునో రచయిత ఊహింపవలసిన పని లేదు. ఏడాది పరీక్ష వేసిన ప్రశ్నకు సమాధానము చెప్పకుండగనే తెర దిగును. హిందీ చిత్రము వెలువడిన పిమ్మట కొందరు ప్రేమికులు దానిని తలచుకొని ప్రాణములు తీసికొనిరని వార్తలు వచ్చినవి. ఒక చిత్రమే చావునకు కారణమని చెప్పుట న్యాయము కాదు. అయినను ఇరువదేండ్ల దర్శకుడు తన నాయకుని సముద్రములోనికి నడిపించుటకు పూర్వము, ఆ రంగమును చూచువారిలో నొకరైనను నిజముగా దుఃఖములోనున్న వారుందురని తలచుకొనవలెను.

ఇప్పుడు అన్నిటికంటె ఖరీదైన సంకేతమునకు వచ్చుచున్నాను. అది వెంటపడుట. తెలుగు చిత్రములలో నెన్నిటనో నాయకుడు నాయిక వెంట నడచును, ఆమె యింటిముందు నిలుచును, కాదన్నను మానడు. పట్టుదల ప్రేమకు గురుతు. ఆమె కాదనుట సిగ్గునకు గురుతు. నాలుగవ పాటనాటికి ఆమె మనస్సు కరగును. మా పిల్లల చిత్రములోని బస్సు రంగము ఈ మార్గముననే వచ్చినది. వారు దుష్టులు కారు. ఆ రంగము లేనిదే ప్రేమచిత్రము కాదని వారనుకొనిరి, అంతే.

ఆనాడు ఆ నలుగురికిని నేనొక సంగతి చెప్పితిని. ఇచ్చటను చెప్పెదను. నాతో చదివిన స్నేహితురాలొకతె యుండెను. ఆమెకు రసాయనశాస్త్రమన్న ప్రాణము. ప్రయోగశాలలో ఆమె చేతి లెక్క తప్పుట నేను చూడలేదు. ఇంటర్మీడియేటు రెండవ సంవత్సరమున నొక యువకుడు ప్రతిదినము ఆమె వెంట నడువసాగెను. చేయి పట్టలేదు, దుర్భాషలాడలేదు, ఆ యేటి సినిమా పాట యొకటి పాడుకొనుచు పది గజముల వెనుక నడచుచుండెను. మూడు మాసములకు ఆమె తండ్రికి తెలిసినది. ఆయన కఠినుడు కాడు, భయస్థుడు. నలుగురికి చెప్పినచో పిల్ల పేరు బజారున పడునని భయపడి, ఆమెను కళాశాల మాన్పించెను. మరుసటి మాఘమున వివాహమైనది. ఆ యువకుడు చదువు ముగించి పట్టము పుచ్చుకొనెను. తాను ఒక బాలిక చదువు నాపితినని అతనికి నేటికిని తెలియకపోవచ్చును. తన మనస్సులో నతడొక పాటలోని నాయకుడు మాత్రమే.

తెరపై వెంటపడుట పాటతో ముగియును. ఇండ్లలో నది బాలిక చదువు మానుటతో ముగియును. సంస్కారము గల తలిదండ్రులు కూడ, తప్పు చేసినవానిని మాన్పింప జాలక, తప్పు చేయనిదానిని ఇంట కూర్చుండబెట్టుదురు. కొన్ని తావుల నింతకంటె ఘోరములు జరిగినవి. 2008వ సంవత్సరము డిసెంబరులో వరంగల్లులో ఇంజనీరింగు చదువుచున్న యిరువురు బాలికలపై ఆమ్లము పోయబడగా, వారిలో నొకతె మరణించినది. వెంటపడుటను ప్రత్యేక నేరముగా మన చట్టము 2013లో గుర్తించినది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 78వ విభాగము దానిని గూర్చినదే. స్త్రీ తనకిష్టము లేదని స్పష్టపరచిన పిమ్మటను మరల మరల వెంటబడి సంబంధము కలిగించుకొనజూచుట నేరము. మొదటిసారి మూడేండ్ల వరకు శిక్ష గలదు. చట్టము నేరమన్నదానిని చిత్రము ప్రేమయనుచున్నది. ఇరువురిలో బాలురు ఎవరి మాట వినుచున్నారో మనకు తెలియును.

“అయితే పిన్నిగారూ, అబ్బాయి అమ్మాయిని చూడకుండా ప్రేమకథ ఎలా మొదలవుతుంది?” అని దర్శకుడు నన్నడిగెను. మంచి ప్రశ్న. దీనికి సమాధానము నీతిలో కాదు, ఛాయాగ్రహణములోనే యున్నది. అట్టి రంగమును కూర్చు విధము చూడుడు: మొదట యువకుని ముఖము, తరువాత అతడు చూచుచున్న బాలిక, మరల యువకుని ముఖము. ఈ మూడు ముక్కలతో ప్రేక్షకుడు యువకుని కన్నులలో కూర్చుండును. ఇక నతడేమి చేసినను మనము అతని పక్షమే. ఒక్కసారి ఆ ఫోనును బాలిక యున్నచోట పెట్టి తీసి చూడుడు. అదే వీధి, అదే సాయంకాలము. ముందు ఇంటికి చేరవలసిన దూరము కనబడును. ప్రక్కన టీ దుకాణము వద్ద నవ్వుచున్న గుంపు కనబడును. వెనుక నడుగుల చప్పుడు వినబడును. వేణువు తీసివేయుడు. అది ప్రేమరంగమో భయరంగమో మీకే తెలియును. భయరంగమైనచో కథను మరియొక చోట మొదలుపెట్టుడు. ఒకే బల్లపై చదువుకొనుటతో మొదలుపెట్టుడు, పరీక్షలో సందేహము తీర్చుటతో మొదలుపెట్టుడు. ఆమెయే మొదట చూచినట్లు తీయుడు. చూపు మానవలసిన పని లేదు, ఎదురుచూపునకు చోటీయవలెను.

సంకేతమును వాడుకొనుచునే దానిని పరీక్షించు విద్యను నేర్పిన మహాకవి మనకు కూతవేటు దూరముననే పుట్టెను. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము విజయనగరమున 1892లో మొదట ప్రదర్శింపబడినది, 1897లో అచ్చైనది, 1909లో మిక్కిలి మార్పులతో మరల వెలువడినది. గిరీశమును తలచుకొనుడు. చదువు చెప్పు మిషతో ఇల్లు చేరుట, అరువు తెచ్చుకొన్న యింగ్లీషు మాటలు, సంస్కరణోపన్యాసములు, అమాయకురాలైన బుచ్చమ్మను మాటలతో లోబరచుకొనుట. ప్రేమనాటకపు సంకేతములన్నియు అతని జేబులోనే యున్నవి. గురజాడవారు ఆ సంకేతములను మనకు నిరాకరింపలేదు. మనలను నవ్వించిరి, గిరీశము పక్షమున నిలిపి, లేచిపోవుటయందు కూడ మనకు కుతూహలము కలిగించిరి. కాని తుదకు సౌజన్యారావు పంతులు ఎదుట అతని వేషము నిలువలేదు. బుచ్చమ్మను పునహాలోని వితంతుశరణాలయమునకు పంపి చదువు చెప్పించుటయు, పిదప ఆమె యిష్టమును బట్టి నడచుటయు నిర్ణయమైనది. ఆ బాలిక యేమి చదువవలెనను ప్రశ్నను ఆ నాటకము నూరేండ్లకు పూర్వమే వేసినది. మా చెల్లెలి కూతురు దానిని మరల నడిగినది, అంతే.

ఈ తూనికతో ఇటీవలి చిత్రములను గూడ తూచవచ్చును. శివ నిర్వాణ 2017లో తీసిన ‘నిన్ను కోరి’ మన విశాఖ కథయే. నాయకుడు ఉమామహేశ్వరరావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణాంకశాస్త్రమున పరిశోధన చేయు విద్యార్థి. ప్రేమించిన పల్లవి మరియొకరిని వివాహమాడును. దేవదాసు సంకేతము ప్రకారము అతడు త్రాగి చావవలెను. త్రాగును గాని చావడు. ఆమె కాపురమును కన్నులార చూచి, తన దారి తాను పట్టును. ఇది మెచ్చదగిన మార్పు. అయితే నాయకుని చదువు కథను నడపును, అతనిని ఢిల్లీకి పంపును, ఎడబాటు కలిగించును. నాయిక చదువు కథలో నే పనియు చేయదు. అదే దర్శకుడు 2019లో తీసిన ‘మజిలీ’లో భార్య శ్రావణి రైల్వేలో నుద్యోగము చేసి, భగ్నప్రేమతో త్రాగుచున్న భర్తను పోషించును. ఆమె సహనమునకు భర్త ప్రేమ బహుమానము. సంపాదించు స్త్రీని చూపుట ముందడుగు. ఆమె సంపాదన కూడ ఓర్పునకే యుపకరణమగుట పాత యడుగు. సందీప్ రాజు 2020లో తీసిన ‘కలర్ ఫోటో’ మచిలీపట్టణపు ఇంజనీరింగు విద్యార్థుల కథ. అందు మేని రంగును అడ్డంకిగా పెట్టుట సాహసము, సత్యము. ముగింపు మాత్రము మరల విషాదమే. 2025లో రాహుల్ రవీంద్రన్ తీసిన ‘ది గర్ల్ ఫ్రెండ్’ నాయికను సాహిత్యవిద్యార్థినిగా నిలిపి, ప్రేమ పేర మీద పడిన బరువును ఆమె కన్నులతోనే చూపినది. కళాశాల, వసతిగృహము, తొలిప్రేమ అను పాత పనిముట్లతోనే క్రొత్త పని చేయవచ్చునని దీనివలన ఋజువగుచున్నది.

విశాఖలో చిత్రము తీయదలచిన విద్యార్థులకు అడ్డంకులు వెదకుకొనవలసిన పని లేదు; ఊరి నిండ నున్నవి. నేటి ప్రేమికులకు చేతిలో ఫోనున్నది గావున, చేరని యుత్తరమను పాత సంకేతము చచ్చినదని మా కథకుడు విచారించెను. 2014 అక్టోబరు 12వ తేదీని అతడు మరచెను. హుద్‌హుద్ తుపాను మన యూరిపై విరుచుకుపడి, దీపములు లేక, ఫోనులు పలుకక, ఎవరెక్కడ నున్నారో తెలియక నగరము దినములు గడిపినది. విప్రలంభమునకు దుర్వాసుని శాపము కంటె నిది తక్కువదా? తూర్పుతీరమున ఏటేట ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు అరువది యొక్క దినములు మరపడవలు వేటకు పోరాదు. రేవులో నా పడవలపై బ్రతుకు కుటుంబమునకు సంపాదన లేని కాలమది. అది ముగిసినంతనే కళాశాల రుసుములు కట్టు కాలము వచ్చును. ఆ యింటి బాలికయే నాయిక యైనచో, ప్రేమకును చదువునకును నడుమ ఆమె పడు పెనుగులాటకు విలనుతో పని లేదు. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమునకు భూములిచ్చిన గ్రామములున్నవి. క్వార్టర్లలో పుట్టిన బాలుడును, భూమి పోయిన యింట పుట్టిన బాలికయు ఒకే తరగతిలో కూర్చుండుట అసంభవము కాదు. వారి తండ్రులు ఒకరికొకరు వియ్యమందుటకు జంకుటలో ఎంత చరిత్ర యున్నది! వసతిగృహపు తలుపు రాత్రి బాలురకొక వేళను, బాలికలకొక వేళను మూయుదురు. ఆ వ్యత్యాసమొక్కటియే యిరువది నిమిషముల నాటకమునకు చాలును.

ఇవి తీసికొని, వాన నుంచుకొనుడు, సముద్రము నుంచుకొనుడు, వీడ్కోలు సభ నుంచుకొనుడు. ప్రేక్షకుడు ఎదురుచూచు సుఖము నతనికి ఇయ్యుడు. అతడు దాని కొరకే వచ్చినాడు. ఆమె సమాధానము చెప్పు రంగమును మాత్రము పాటలోనికి త్రోసి దాటవేయకుడు. అవునన్నను, కాదన్నను, పరీక్షల పిమ్మట చెప్పెదనన్నను, ఆ మాట ఆమె నోటనుండి రావలెను. అతడు దానిని విన్నట్లు మనకు కనబడవలెను.

పదిదినముల పిమ్మట దర్శకుడు మరల మా యింటికి వచ్చెను. బస్సు రంగమును తీసివేసితిమనియు, దాని స్థానమున నేమి పెట్టవలెనో తోచుట లేదనియు చెప్పి, మా చెల్లెలి కూతురిని, “ఆ సీను నువ్వు రాస్తావా?” అని యడిగెను. ఆమె, “నా సప్లిమెంటరీ అయ్యాక రాస్తాను” అనెను. అతడు వేచియుండెను. జూన్ మాసములో ఆమె రెండు పుటలు వ్రాసి యిచ్చినది. గ్రంథాలయములో యువకుడు ఉత్తరము నిచ్చును. బాలిక దానిని చదివి, మడిచి, తన పుస్తకములో పెట్టుకొని, “గురువారం నాకు ప్రాక్టికల్ ఉంది. శుక్రవారం చెప్తాను. అంతవరకు నా వెనకాల రాకు” అనును. ఆ పుస్తకము రసాయనశాస్త్రము.

శుక్రవారమున ఆమె యేమి చెప్పునో వారింకను నిర్ణయింపలేదు. నలుగురును మా యరుగుమీద కూర్చుండి దానిని గూర్చియే వాదించుకొనుచున్నారు.